సబ్‌వూఫర్ పెట్టించాక కారులో హోరు.. ఫిర్యాదు ఎవరి మీద?

సందేహం: ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో కారు కొన్నాను. ఇంజిన్ మోత లోపలికి వినపడకుండా చేసే యాక్టివ్ నాయిస్ క్యాన్సలేషన్ దానికి కంపెనీ నుంచే ఉంది. ఏడాది పది నెలల క్రితం బయట ఒక కార్ ఆడియో షాపులో సబ్‌వూఫర్ (మంద్ర ధ్వనిని మోగించే స్పీకర్), యాంప్లిఫైయర్ పెట్టించాను. ఆ సాయంత్రం నుంచే బండి ఒక వేగం అందుకోగానే చెవులు దిబ్బళ్లు పడేలా హోరు. పాటలు ఆపినా ఆగదు. అమ్మ తలనొప్పి అంటూ కారెక్కడమే మానేసింది. బంధువుల ముందు తల కొట్టేసినట్లయింది. షాపతను ‘వచ్చే వారం చూద్దాం’ అంటూ తిప్పుతున్నాడు. ఒకసారి యాంప్లిఫైయర్ ఫ్యూజు తీసి చూస్తే హోరు లేదు. బిల్లు తీసుకోలేదు. సర్వీస్ సెంటర్ వాళ్లు ‘బయట ఫిట్టింగ్ ఉంది, వారంటీ వర్తించదు’ అని పోయిన నెల రాసిచ్చారు. సబ్‌వూఫర్ పీకేసి, వైర్లు మునుపటిలా కలిపేసి, ఫోన్లో రికార్డు చేసిన హోరును చూపించి, కారే అలా వచ్చిందని కంపెనీ మీద కేసు వేస్తే కొత్త కారు ఇస్తారని ఒక మిత్రుడు చెబుతున్నాడు. వేయవచ్చా?

జవాబు: వేయకండి. మీ అమ్మగారి తలనొప్పి, బంధువుల మాటలు ఈ కేసును తేల్చవు. తేల్చేది మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన సంగతి: ఫ్యూజు తీస్తే హోరు లేదు. దాంతోనే మీ ప్రతివాది ఎవరో తెలిసిపోతోంది. కారు తయారుచేసిన కంపెనీ కాదు, సబ్‌వూఫర్ బిగించిన షాపు.

ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి. ఇది అర్థమైతేనే ఏం రుజువు చేయాలో మీకు తెలుస్తుంది. మీ కారు పైకప్పు లోపలి వైపు చిన్న మైకులుంటాయి. అవి ఇంజిన్ నుంచి వచ్చే మంద్ర ధ్వనిని వింటాయి. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో ఆ సంకేతమూ నాయిస్ క్యాన్సలేషన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌కు అందుతుంది. ఆ ధ్వని తరంగానికి సరిగ్గా ఎదురైన తరంగాన్ని అది తయారుచేసి, కారు స్పీకర్ల ద్వారానే వదులుతుంది. ఒకదాని శిఖరం మీద ఇంకొకదాని లోయ పడి రెండూ చల్లారిపోతాయి. ఆ స్పీకర్ల శక్తి ఎంత, అవి ఎక్కడ ఉన్నాయి అన్న లెక్కలన్నీ ఫ్యాక్టరీలోనే కట్టి పెడతారు. పాటలు ఆపేసినా ఈ పని జరుగుతూనే ఉంటుంది.

కంపెనీ స్టీరియో మార్చకుండా సబ్‌వూఫర్ కలిపేటప్పుడు, సిగ్నల్ కోసం స్పీకర్‌కు వెళ్లే వైరునే చీల్చి యాంప్లిఫైయర్‌కు ఇవ్వడం ఈ పనిలో మామూలు. ఆ వైరులో పాట ఒక్కటే ఉండదు, ఈ ఎదురు తరంగం కూడా ఉంటుంది. యాంప్లిఫైయర్ దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది, సబ్‌వూఫర్ ఫిల్టర్ దాని సమయాన్ని కాస్త జరుపుతుంది. చల్లార్చాల్సిన తరంగం తోడై కూర్చుంటుంది. పెరిగిన మోతను మైకులు మళ్లీ వింటాయి, మాడ్యూల్ ఇంకా బలంగా స్పందిస్తుంది, హోరు తనను తానే పెంచుకుంటుంది. పాటలు ఆపినా మీ కారులో అది ఆగకపోవడానికి నాకు కనిపిస్తున్న కారణం ఇదే.

కాబట్టి కారు మంచిదే కావచ్చు, సబ్‌వూఫరూ మంచిదే కావచ్చు. తప్పు కలిపిన తీరులో ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వస్తువులో లోపాన్నీ, పనిలో లోపాన్నీ వేర్వేరుగా చూస్తుంది. వస్తువులో లోపం సెక్షన్ 2(10) కిందకు వస్తుంది, సేవలో లోపం సెక్షన్ 2(11) కిందకు వస్తుంది. మీది రెండోది. నాయిస్ క్యాన్సలేషన్ ఉన్న కారులో సబ్‌వూఫర్ పెట్టేవాడు ముందు ఆ సంగతి కనుక్కోవాలి. ఎదురు తరంగం కలవని చోటి నుంచి సిగ్నల్ తీసుకోవాలి, లేదా వాహనదారుడికి చెప్పి, ఒప్పించి ఆ మాడ్యూల్‌ను వేరుచేయాలి. డబ్బు తీసుకుని పని చేసేవాడికి ఆ పనికి తగిన నైపుణ్యం ఉండాలని చట్టం ఆశిస్తుంది. ‘నాకు తెలియదు’ అన్నది అతనికి రక్షణ కాదు.

కంపెనీ మీదకు వెళ్తే ఏమవుతుందో చూడండి. సబ్‌వూఫర్ పెట్టక ముందు కారు నిశ్శబ్దంగానే ఉందని మీరే చెబుతున్నారు. ఫ్యూజు తీస్తే మళ్లీ నిశ్శబ్దమే. వాళ్ల వాదనను మీ నోటితోనే రుజువు చేసినట్లవుతుంది. లోపం ఉందని చూపించాల్సిన భారం ఫిర్యాదీ మీదే ఉంటుంది. ప్రొడక్ట్ లయబిలిటీ (ఉత్పత్తి వల్ల జరిగిన హానికి పరిహారం కోరడం) కింద వెళ్దామన్నా దారి లేదు. హాని జరిగే నాటికి ఉత్పత్తిని మార్చి ఉంటే అమ్మకందారు మీద ఆ చర్య నిలవదని సెక్షన్ 87(1) చెబుతోంది. పైగా ఆ అధ్యాయంలో ‘హాని’ అంటే ఉత్పత్తికే జరిగిన నష్టం కాదు. ఇక కొత్త కారు మాట మరచిపోండి. వారంటీ లోపమున్న భాగం మార్చేంత వరకే ఉన్నప్పుడు మొత్తం కారు మార్చమనడం కుదరదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది.

ఇప్పుడు గట్టిగా ఒక మాట. మీ మిత్రుడి సలహా మిమ్మల్ని నిలువునా ముంచుతుంది. సబ్‌వూఫర్ పీకేశాక హోరే ఉండదు. వినియోగదారుల కమిషన్ కారును పరీక్షకు పంపితే వాళ్లు ఏం వినాలి? చీల్చి మళ్లీ అతికించిన వైర్లు డోర్ ప్యానెల్ విప్పగానే కనిపిస్తాయి. ‘బయట ఫిట్టింగ్ ఉంది’ అని సర్వీస్ సెంటర్ రాసిన కాగితం ఇప్పటికే ఉంది, దాని కింద మీ సంతకమూ ఉండే ఉంటుంది. మీ వాంగ్మూలం అఫిడవిట్ రూపంలో ఇస్తారు. కమిషన్ విచారణ న్యాయ విచారణతో సమానమని సెక్షన్ 38 చెబుతోంది. అక్కడ తెలిసి తెలిసి అబద్ధపు సాక్ష్యం ఇస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. అన్నింటికన్నా బాధాకరమైనది ఇంకొకటుంది. షాపు మీద మీకున్న ఏకైక బలమైన సాక్ష్యం కారులో ఇప్పుడున్న ఆ ఫిట్టింగే. దాన్ని మీ చేతులతోనే తీసేస్తే గెలిచే కేసు కూడా పోతుంది. హోరు భరించలేకపోతే ఫ్యూజు తీసి పక్కన పెట్టండి. వైర్ల జోలికి మాత్రం మీరుగానీ, వేరే మెకానిక్‌గానీ వెళ్లవద్దు.

బిల్లు తీసుకోలేదని రాశారు. ఇది క్షమించదగ్గ అజాగ్రత్త కాదు. కారు కరెంటు వైర్లను కోసే పని చేయించుకుని ఒక్క కాగితం కూడా అడగలేదంటే, రేపు ఆ వైరింగ్ నుంచి నిప్పు పుట్టినా ఎవరు చేశారో చెప్పుకోలేరు. ఇప్పుడు దొరికినవి కూడగట్టుకోండి. యూపీఐలో చెల్లించి ఉంటే ఆ తేదీ, లావాదేవీ సంఖ్య ఉన్న బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. డబ్బు చెల్లించినట్టు చూపగలిగితేనే మీరు చట్టం దృష్టిలో వినియోగదారులు. యాంప్లిఫైయర్ మీది మోడల్, సీరియల్ నంబర్లు ఫొటో తీయండి. షాపతనితో జరిగిన వాట్సాప్ సంభాషణ, ‘వచ్చే వారం చూద్దాం’ అన్న వాయిస్ మెసేజ్‌లు ఒక్కటీ చెరపకండి, ఆ ఫోన్ మార్చకండి. వాటిని దాఖలు చేసేటప్పుడు, ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. వినియోగదారుల కమిషన్ సాక్ష్య నియమాలను సివిల్ కోర్టంత బిగువుగా పట్టించుకోకపోవచ్చు. అయినా ఎదుటి లాయరుకు ఆ సందు ఇవ్వడమెందుకు?

ఇక గడువు. మీ లేఖలో నన్ను కలవరపెట్టింది ఇదే. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన సంగతి) పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. హోరు ఫిట్టింగ్ జరిగిన సాయంత్రమే మొదలైందని మీరే రాశారు, కాబట్టి షాపు మీద గడియారం ఆ రోజే మొదలైంది. మీకు మిగిలింది రెండు నెలలు. సర్వీస్ సెంటర్ ఉత్తరం పోయిన నెలే వచ్చింది కదా, అక్కడి నుంచి లెక్కిద్దామంటే కుదరదు. ఆ తేదీ వారంటీ తిరస్కరణ మీద వేసే ఫిర్యాదుకే పనికొస్తుంది, షాపుకు వర్తించదు. షాపతని నోటి వాయిదాలు గడువును పెంచవు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసినా పెరగదు, లాయర్ నోటీసు పంపినా పెరగదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. ‘అతను తిప్పాడు, నేను నమ్మాను’ అన్నది అలాంటి కారణమవుతుందని ఆశపెట్టుకోకండి. ‘హోరు రోజూ వస్తోంది కాబట్టి కారణం రోజూ పుడుతోంది’ అన్న వాదనా నమ్ముకోదగ్గది కాదు.

ఈ వారంలోనే చేయాల్సింది పరీక్ష. షాపుతోగానీ సర్వీస్ సెంటర్‌తోగానీ సంబంధం లేని అర్హత గల ఆటోమొబైల్ ఇంజినీర్ చేత చేయించండి. ఒకే రోడ్డు, ఒకే గేరు, ఇంజిన్ తిరిగే వేగం ఒక్కటే, పాటలు ఆపి మూడుసార్లు నడపాలి. మొదట అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా. తర్వాత యాంప్లిఫైయర్ ఫ్యూజు తీసి. చివరిగా యాంప్లిఫైయర్ నడుస్తుండగా నాయిస్ క్యాన్సలేషన్ మైకు లేదా మాడ్యూల్ కనెక్టర్ ఊడదీసి. రెండోసారి, మూడోసారి కూడా హోరు పోయిందంటే, రెంటినీ తప్పుగా కలపడమే కారణమని తేలినట్లే. ఆ మూడో పరీక్షే మీ కేసుకు వెన్నెముక. కొన్ని కార్లలో ఆ మాడ్యూల్ విడిగా ఉండదు, స్టీరియోలోనో కంపెనీ యాంప్లిఫైయర్‌లోనో కలిసి ఉంటుంది. అప్పుడు మైకులు ఊడదీసి చూడాల్సి వస్తుంది. కారు నంబరు, తేదీ, మీటరు రీడింగ్, సిగ్నల్ ఎక్కడి నుంచి తీశారో తెలిపే ఫొటోలతో, సంతకంతో నివేదిక తీసుకోండి. ఫోన్ రికార్డింగును మాత్రమే నమ్ముకోకండి, ఫోను మైకులు మంద్ర ధ్వనిని సరిగా పట్టవు.

ఒకవేళ ఫ్యూజు తీసినా, మైకులు తీసినా హోరు ఉంటే కథ మారుతుంది. ఫిట్టింగులో కంపెనీ వైరింగ్ దెబ్బతిని ఉండొచ్చు, కారులోనే లోపం ఉండొచ్చు. అప్పుడు షాపునూ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. అలా కాకుండా కంపెనీని ఊరికే చేరిస్తే మీకే బరువు. ఫీజు, కమిషన్ పరిధి చెల్లించిన ధరను బట్టి ఉంటాయి. షాపు పని అయిదు లక్షల రూపాయల లోపే కాబట్టి జిల్లా కమిషన్‌లో ఫీజు ఉండదు. కారు ధర లెక్కలోకి వస్తే ఆ సౌకర్యం పోవచ్చు.

నివేదిక చేతికి రాగానే షాపుకు 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. నోటీసు తప్పనిసరి అని చట్టం చెప్పలేదు, కానీ సరిదిద్దే అవకాశం మీరిచ్చారని అది చూపిస్తుంది. కోరేది స్పష్టంగా రాయండి: సిగ్నల్‌ను సరైన చోటి నుంచి తీసి హోరు పోగొట్టాలి, లేదా ఫిట్టింగ్ మొత్తం తీసి కంపెనీ వైరింగును పూర్వస్థితికి తెచ్చి డబ్బు వాపసు ఇవ్వాలి. నాయిస్ క్యాన్సలేషన్‌ను పూర్తిగా ఆపేస్తానని అతను అంటే ఒప్పుకునే ముందు ఆలోచించండి. సబ్‌వూఫర్ హోరు పోతుంది, ఇన్నాళ్లూ అది కప్పిపెట్టిన ఇంజిన్ మోత బయటికి వస్తుంది. మీకది పర్వాలేదనుకుంటే రాతపూర్వకంగా ఒప్పుకుని ముగించుకోవచ్చు.

పదహారో రోజున జవాబు లేకపోతే ఇంకో అవకాశం ఇవ్వకండి. మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా. కారును తగిన ప్రయోగశాలకుగానీ నిపుణుడికిగానీ చూపించమని అందులోనే అభ్యర్థించండి. సెక్షన్ 38 ఇందుకు దారి చూపిస్తుంది, ఆ ఖర్చు ముందు మీరే జమచేయాల్సి రావచ్చు. రాజీకి వీలుందనుకుంటే కమిషనే మధ్యవర్తిత్వానికి పంపుతుంది. వెళ్లండి, ఇలాంటి కేసులు అక్కడ త్వరగా తెమలడానికి అవకాశం ఎక్కువ.

సర్వీస్ సెంటర్ సంగతి వేరు. హోరుకు వారంటీ ఇవ్వకపోవడంలో వాళ్ల తప్పు నాకు కనిపించడం లేదు. రేపు ఏసీయో బ్రేకులో పాడైతే, ‘సబ్‌వూఫర్ ఉంది కాబట్టి దేనికీ వారంటీ లేదు’ అంటే మాత్రం ఊరుకోవద్దు. ఏ షరతు కింద నిరాకరిస్తున్నారో, ఆ లోపానికి ఈ ఫిట్టింగ్ ఎలా కారణమో రాసివ్వమనండి. సంబంధం చూపకుండా నిరాకరిస్తే అది సేవా లోపమని వాదించవచ్చు. ఇకపై సర్వీస్ సెంటర్ వాళ్లు ఇచ్చే జాబ్ కార్డు (పని వివరాల కాగితం) మీద చదవకుండా సంతకం పెట్టకండి.

చివరగా, బీమా పాలసీ తీసి చూడండి. కంపెనీ ధరలో లేని ఎలక్ట్రికల్ పరికరాలకు ఐఎంటీ (ఇండియన్ మోటార్ టారిఫ్) 24 అనే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే అదనపు షరతు, విడిగా ఉంటుంది. సబ్‌వూఫర్ కారులో ఉన్నన్ని రోజులూ బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేసి ఆ ఎండార్స్‌మెంట్ తీసుకోండి.