కండ, కండరం, నరం

సందేహం: చవక యాంప్లిఫయరు, ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు బోర్డుతో, నడిచేటప్పుడు కాలి కండరాల్లో పుట్టే సంకేతాన్ని నమోదు చేస్తున్నాం. గ్రాఫు కింద ‘పిక్క నరాల చలనం’ అని రాశాను. మిత్రుడు ‘కండర క్రియాశీలత’ అని దిద్దాడు. ఏది సరి?

సమాధానం: రెండూ నాకు నచ్చలేదు. మీ పరికరం చలనాన్ని కొలవదు. కండ బిగుసుకునేటప్పుడు పుట్టే కొద్దిపాటి విద్యుత్తును చర్మం మీది ఎలక్ట్రోడ్లు అందుకుంటాయి. కాలు కదపకుండా పిక్క బిగించినా గీత లేస్తుంది. ఇక ‘క్రియాశీలత’ స్వభావాన్ని చెప్పే మాట, ఈ క్షణాన జరిగే పనిని కాదు. ‘పని’ అంటే సరిపోయే చోటల్లా శీలతలు తగిలించడం ఈ కాలపు జబ్బు.

అసలు ఆగవలసింది ‘కండర’ దగ్గర. సంస్కృతంలో కండరా అంటే కండ కాదు, కండను ఎముకకు కట్టే లావుపాటి తాడు. పాత వైద్యగ్రంథం సుశ్రుతసంహితలో శరీర నిర్మాణం చెప్పే భాగం, శారీరస్థానం, శరీరంలో కండరలు 16 అంటుంది: కాళ్లకు 4, చేతులకు 4, మెడకు 4, వీపుకు 4. కండలకు అక్కడ వాడిన మాట పేశి, అవి 500. మన బడిపుస్తకాల ‘స్నాయుబంధనం’ ఆ కండరకు దగ్గర. తెలుగులో మాత్రం, పక్కనే ఉన్న మన ‘కండ’ లాగేసిందేమో, కండరం అచ్చంగా కండే అయిపోయింది. ఈ తేడా మీ పనిలోనూ తగులుతుంది. పాత అర్థం పట్టుకుని మడమ పైని తాడు మీద ఎలక్ట్రోడ్లు అంటిస్తే సంకేతం చాలా బలహీనంగా వస్తుంది. పిక్క బాగా ఉబ్బిన చోట, కండ సాగిన దిక్కునే అంటించాలి. కండపుష్టి, కండబలం అని ఇంత చక్కగా అనుకునే జాతికి నివేదిక రాయగానే ‘కండ’ చిన్నతనం ఎందుకైందో నాకు అర్థం కాదు.

‘నరం’ వాడుకలో నెత్తురు మోసే సిరకూ, మెదడు కబురు మోసే నాడికీ, పట్టేసిన కండకూ చెల్లుతుంది. గ్రాఫు కింద చెల్లదు. ‘పిక్క’కు బదులు సంస్కృతపు ‘జంఘ’ అందామన్నా కుదరదు, అది మోకాలి కింది భాగమంతా.

‘పిక్క’ మంచి మాటే, అయితే అది వెనకవైపుదే. పాదం నేల మీదుండగా పనిచేసి, మడమ లేచి కాలు ముందుకు తోసేటప్పుడు అది బాగా బిగుస్తుంది. మోకాలి కింద ముందువైపు ఉన్న కండ, పాదం గాలిలో ఉన్నప్పుడూ, మడమ నేల తాకగానే పాదాన్ని మెల్లగా దించడానికీ పనిచేస్తుంది. దాని గీతను పిక్క పేరు కింద కలపకండి.

నేనైతే ‘నడకలో పిక్క కండ విద్యుత్తు’ అని రాస్తాను. కండరం ఇప్పుడు పాతుకుపోయిన మాట, తప్పనలేను. గురువులు పట్టుబడితే ‘పిక్క కండరాల విద్యుత్తు’ అనండి.