సిప్ పెంచే ముందు ఆ ఒక్క శాతం చూడు

చిరంజీవి కార్తీక్‌కి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన స్టేట్‌మెంట్ చూశాను. ఇంక్రిమెంట్ వచ్చింది, మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కట్టే సిప్ మరో పది వేలు పెంచనా అని అడిగావు. పెంచు. అందులో ఆలోచించేదేమీ లేదు. కానీ ఆ పది వేలూ ఇప్పుడున్న చోటికే పంపుతానంటే నేను ఒప్పుకోను. ప్రతి ఫండ్ పేరు చివర ‘రెగ్యులర్’ అని ఉంది, గమనించావా? అంటే అమ్మినవాడికి కమిషన్ వెళ్ళే రకం. శాలరీ అకౌంట్ తెరిచినప్పుడు బ్యాంకులో రిలేషన్‌షిప్ మేనేజర్ పెట్టించాడన్నావు కదా, ఆ మాట అక్కడి నుంచే వచ్చింది.

ఫండ్ నడపడానికి తీసుకునే ఖర్చుని ఎక్స్‌పెన్స్ రేషియో అంటారు. అది నీ ఖాతాలోంచి డెబిట్ అయినట్టు ఎక్కడా కనపడదు. ఏడాది ఖర్చుని రోజులకి పంచి, ఏ రోజుది ఆ రోజు ఫండ్ సొమ్ములోంచి తీసేసి, మిగిలినదాన్నే యూనిట్లకి పంచి ఎన్ఏవీగా, అంటే ఒక్కో యూనిట్ విలువగా ప్రకటిస్తారు. రాత్రిపూట నువ్వు యాప్‌లో చూసుకునే అంకె కోత అయిపోయాక మిగిలింది. మార్కెట్ పడ్డ ఏడాది కూడా కోత ఆగదు. ఎందుకంటే అది లాభం మీద వేసే లెక్క కాదు, నువ్వు ఆ ఏడాది కట్టినదాని మీద కూడా కాదు. అప్పటిదాకా పోగైన మొత్తం మీద. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతాదంతా కూడికలూ తీసివేతలే.

లెక్క వేసి చూపిస్తాను. నెలకి 10,000 చొప్పున 25 ఏళ్ళు కట్టావనుకో. నీ జేబులోంచి వెళ్ళేది 30 లక్షలు. ఏటా 12 శాతం పెరిగితే (అంత వస్తుందని నేను హామీ ఇవ్వడం లేదు, లెక్క కోసం అంటున్నాను) చివరికి సుమారు 1 కోటి 69 లక్షలు అవుతుంది. అవే షేర్లు, అదే ఫండ్ మేనేజర్, కాకపోతే ఖర్చు 1 శాతం ఎక్కువ, అంటే నీకు మిగిలేది 11 శాతం. అప్పుడు వచ్చేది దాదాపు 1 కోటి 44 లక్షలు. తేడా 24 లక్షల పైచిలుకు. నువ్వు పాతికేళ్ళు కడుపు కట్టుకుని కట్టింది 30 లక్షలని మర్చిపోకు.

ఇందులో తమాషా ఏమిటంటే, మొదటి పదేళ్ళకి ఆగి చూస్తే ఆ తేడా లక్షా పది వేల చిల్లరే. ‘పోనీలే’ అనిపించే మొత్తం. మిగిలిన 23 లక్షలూ తర్వాతి పదిహేనేళ్ళలో పోతాయి. పదో ఏట ఆ శాతం పడేది ఇరవై రెండు లక్షల మీద, తర్వాత్తర్వాత కోటి మీద. పోయిన రూపాయి ఒక్కటే పోదు, దాని మీద రావాల్సిన పెరుగుదలని కూడా వెంటపెట్టుకుని పోతుంది. నీ చేతిలో కోటి ఉన్న రోజున 1 శాతం అంటే ఏడాదికి లక్ష, నెలకి 8,300. అంటే నువ్వు నెలనెలా వేసే పది వేలలో ఎనిమిది వేల పైన అటునుంచి అటే. అందుకే ఎవరైనా నీతో శాతాల్లో మాట్లాడితే, రూపాయల్లో చెప్పమని అడుగు.

2009 ఆగస్టు దాకా డబ్బు వేసేటప్పుడే ఎంట్రీ లోడ్ పేరుతో 2.25 శాతం దాకా పట్టుకునేవాళ్ళు. కంటికి కనపడేది కాబట్టి అందరం తిట్టుకునేవాళ్ళం. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దాన్ని తీసేసింది. అమ్మినవాడికి ఏటేటా వెళ్ళే ట్రెయిల్ కమిషన్ మాత్రం అలాగే ఉంది, అది ఎక్స్‌పెన్స్ రేషియోలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి తిట్టేవాళ్ళూ లేరు. చెన్నై పెరుంగుడిలో ఇల్లు చూపించిన బ్రోకర్ ఒక నెల అద్దె తీసుకున్నాడని ఎంత గొణిగావు! వాడు ఆ తర్వాత నీకు కనపడలేదు. నువ్వు ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఏటేటా వచ్చి చెయ్యి చాచి ఉంటే ఏమనేవాడివి?

2013 జనవరి నుంచి ఈ కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ప్రతి ఫండ్‌లోనూ ఉంది. షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్లలో రెగ్యులర్‌కీ డైరెక్ట్‌కీ ఖర్చులో తేడా సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం పైదాకా ఉంటుంది. నీ ఫండ్‌లో ఎంతో ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో రోజూ పెడతారు. ఇంకో మంచి ఆధారం, ఆరు నెలలకోసారి వచ్చే, నీ ఫండ్లన్నీ ఒకచోట చూపే కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్. నీ వల్ల డిస్ట్రిబ్యూటర్‌కి, అంటే ఫండ్ అమ్మినవాడికి, ఎంత వెళ్ళిందో అందులో రూపాయల్లో ఉంటుంది. ఆ మెయిల్ తెరవకుండా వదిలేసి ఉంటావు, వెతుకు.

డిస్ట్రిబ్యూటర్లందరూ దండగ అని నేను అనను. 2020 జనవరిలో పన్నెండు వేల పైనున్న షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ మార్చిలో ఎనిమిది వేల కిందకి జారినప్పుడు, జనం టెన్షన్‌తో అమ్మేసుకోబోతుంటే ఫోన్ చేసి ఆపినవాళ్ళున్నారు. అలాంటివాడు దొరికితే కమిషన్ గిట్టుబాటే. మీ అత్తయ్య సొమ్ము నేటికీ ఒక పెద్దాయన ద్వారానే నడుస్తోంది, నేను మార్చమనలేదు. నీ విషయంలో ఆ మేనేజర్ ఒక్కసారైనా ఫోన్ చేశాడా? కొత్త ఫండ్ పది రూపాయలకే వస్తోందని చెప్పడానికి తప్ప?

ఇక మారే పద్ధతి. తొందరపడి అన్నీ ఒకేసారి అమ్మకు. ముందు పాత సిప్‌లు ఆపి, అవే ఫండ్లలో డైరెక్ట్ ప్లాన్‌కి కొత్త సిప్ పెట్టు. దీనికి పన్నూ లేదు, లోడూ లేదు. పాత యూనిట్ల సంగతి వేరు. రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కి స్విచ్ చేసినా చట్టం దృష్టిలో అది అమ్మకమే. చాలా ఈక్విటీ ఫండ్లలో ఏడాదిలోపు తీస్తే బయటికి వచ్చినందుకు 1 శాతం ఎగ్జిట్ లోడ్ పడుతుంది, లాభం మీద 20 శాతం పన్ను కూడా. ఏడాది దాటినవైతే ఒక ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. సిప్‌లో ప్రతి వాయిదాకీ ఏడాది విడిగా లెక్క పెట్టుకోవాలి. కాబట్టి పాతవాటిలో కొంత మార్చి 31 లోపు, కొంత ఏప్రిల్‌లో మార్చుకుంటే రెండేళ్ళ మినహాయింపు వాడుకోవచ్చు. నీ ట్యాక్స్ సేవర్ ఫండ్ మాత్రం ఒక్కో వాయిదాకి మూడేళ్ళు నిండేదాకా కదలదు. ఈ పనంతా ఫండ్ల పనులన్నీ ఒకచోట చేసుకునే ఎంఎఫ్ సెంట్రల్ వెబ్‌సైట్‌లో అయిపోతుంది. ఫండ్ల రికార్డులు చూసే క్యామ్స్ మన ఊరి కంపెనీయే అయినా, ఎక్కడికీ వెళ్ళి క్యూలో నిలబడనక్కర్లేదు.

చవకదనం పిచ్చి కూడా పట్టకూడదు. సూచీని అలాగే అనుసరించే నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ ఎవరిదైనా లోపలున్నవి అవే యాభై కంపెనీలు కాబట్టి ఎక్కువ ఖర్చు ఉన్నదాన్ని కొనడం అర్థం లేని పని. కానీ 0.15కీ 0.20కీ మధ్య నిద్ర పాడు చేసుకోకు, సూచీకి ఎంత దగ్గరగా నడుస్తోందో చూడు. ఖర్చు గట్టిగా చూడాల్సింది అప్పు పత్రాల్లో డబ్బు పెట్టే లిక్విడ్, డెట్ ఫండ్లలో. ఆరు శాతం వచ్చేచోట అర శాతం పోతే రాబడిలో పన్నెండో వంతు పోయినట్టు.

అన్నట్టు, మీ అమ్మకి ఎవరో యూలిప్ (బీమా, పెట్టుబడి కలిపిన పాలసీ) చెబుతున్నారట. అందులో ఫండ్ ఖర్చుతోపాటు ప్రీమియం కేటాయింపు చార్జీ, మోర్టాలిటీ చార్జీ (ప్రాణానికి బీమా ఇచ్చినందుకు పట్టుకునేది) కూడా ఉండొచ్చు, అయిదేళ్ళదాకా డబ్బు బయటికి తీయలేం. నేను మాట్లాడేదాకా సంతకం పెట్టొద్దని చెప్పు.

డైరెక్ట్‌లో కొత్త ఫోలియో, అంటే ఫండ్ కంపెనీలో ఖాతా, తెరిచేటప్పుడు నామినీ పేరు మళ్ళీ ఇవ్వాలి, పాత ఫోలియోలో ఇచ్చింది కదా అని ఖాళీగా వదలకు. వచ్చే ఆదివారం మాంబళం వస్తే ఆ స్టేట్‌మెంట్ ప్రింట్ తీసుకురా, ఫోన్‌లో ఆ అక్షరాలు నాకు ఆనడం లేదు.

మీ మామయ్య