మంచి రోడ్డు కావాలంటే ఊరి పేరు కాదు, మ్యాపులో వంకరలు వెతకండి

నల్లగొండలో ఉంటున్నారు, కొత్తగా బండి తీసుకున్నారు, దొరికేది ఆదివారం ఒక్కటే. లడఖ్ దాకా పోకుండా, పొద్దున బయల్దేరి చీకటి పడేలోపు ఇల్లు చేరేలా కళ్లకు నిండుగా ఉండే రోడ్లు దగ్గర్లో ఉన్నాయా, ఉంటే వాటిని ఎట్లా పట్టుకోవాలి అని అడిగారు. ఉన్నాయి. నేను దేవరకొండలో ఉంటాను. బత్తాయి తోటలకు డ్రిప్పు పైపులు బిగించే పని నాది. ఏ ఊరి తోటకు పోవాలన్నా బండే కాబట్టి, నల్లగొండ నుంచి కొల్లాపూర్ దాకా చిన్న రోడ్లు చాలావరకు నా టైర్ల కింద నలిగినవే.

ముందు వెతికే పద్ధతి చెప్తాను, అది తెలిస్తే రోడ్లు మీకే దొరుకుతాయి. చాలామంది ఒక చోటు పేరు వెతుకుతారు: సాగర్, శ్రీశైలం, భువనగిరి. ఫోనులో ఆ పేరు కొట్టగానే అది తొందరగా చేర్చే పెద్ద రోడ్డు చూపిస్తుంది. నాలుగు లేన్ల రోడ్డు మీద టోల్ గేట్లు, లారీలు తప్ప ఏముంటాయి? నేను మాత్రం వంకరలు వెతుకుతాను. మన నేల మీద రోడ్డు ఊరికే వంగదు. చెరువు కట్ట అడ్డం వస్తేనో, గుట్టను చుట్టి పోవాల్సి వస్తేనో, వాగు దాటడానికి ఇరుకు చోటు చూసుకుంటేనో వంగుతుంది. అంటే వంకర ఉన్నచోట చూడదగ్గది ఏదో ఒకటి ఉన్నట్టే. గూగుల్ మ్యాప్స్‌లో శాటిలైట్ బొమ్మ పెట్టి, సన్నటి రోడ్డు ఎక్కడెక్కడ మెలిక తిరుగుతోందో, ఆ మెలిక పక్కన నీలం ఉందా, బూడిద రంగు రాళ్లున్నాయా, ముదురు ఆకుపచ్చ ఉందా చూడండి. మూడూ ఒకేచోట కనిపిస్తే ఇంకేం ఆలోచించకండి, బయల్దేరండి.

ఇంటి దగ్గరే మొదలుపెట్టవచ్చు. పానగల్లు ఉదయసముద్రం మీ ఊరి అంచునే ఉంది. ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని పానగల్లు. ఇప్పుడు ఆ చెరువుకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి కాబట్టి ఎండాకాలంలో కూడా చూడటానికి బాగుంటుంది. పక్కనే ఛాయా సోమేశ్వరం గుడి. బండి ఇంకా చేతికి అలవాటు కాలేదంటే ఒక పొద్దు దీనికే ఇవ్వండి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి దేవరకొండ నుంచి చందంపేట, నేరేడుగొమ్ము వైపు పోయేది. నల్లగొండ నుంచి కొండమల్లేపల్లి మీదుగా దేవరకొండ చేరేదాకా కనిపించేవన్నీ గుండురాళ్ల గుట్టలు. దేవరకొండ కోట కూడా అలాంటి గుట్టల మీదే ఉంది, రేచర్ల పద్మనాయకులు ఏలిన కోట అది. చందంపేట దాటినాక నేల మారిపోతుంది. గుండురాళ్లు వెనకబడి, పైన బల్లపరుపుగా కోసినట్టుండే గట్లు మొదలవుతాయి. రాయి పలకలు పలకలుగా, పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఇటువైపుది గ్రానైటు, అటువైపుది నల్లమలకు చెందిన పొరల రాయి. రెండు రకాల నేల కలిసే అంచు మీద బండి నడపడం అంటే ఏమిటో ఆ రోడ్డు మీద పోతే తెలుస్తుంది. తండాలు, జొన్న చేలు, పత్తి చేలు, మధ్యమధ్య చిట్టడవి. రోడ్డు ఎక్కుతూ దిగుతూ పోతుంది. ఒక మలుపులో గట్టు పక్కకు తొలగి, కింద సాగర్ వెనక జలాలు ఒక్కసారిగా బయటపడతాయి.

అక్కడి వైజాగ్ కాలనీ దాకా పోండి. చేపలు పట్టి బతికే కుటుంబాలుండే ఊరు. అప్పుడే పట్టిన చేపలను మసాలా పట్టించి వేయించి ఇస్తారు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, ఈ దారి అందం నీటిమట్టం మీద ఆధారపడి ఉంటుంది. సాగర్ నిండితే 590 అడుగులు. పైనుంచి వరద బాగా వచ్చిన ఏడాది ఆగస్టు చివరి నుంచి దసరా, దీపావళి దాకా ఆ మట్టానికి దగ్గరగా ఉంటుంది. అప్పుడు నీళ్లు గట్ల మొదళ్లదాకా వస్తాయి. ఎండాకాలంలో పోతే ఒడ్డున పగుళ్లిచ్చిన ఒండ్రుమట్టే మిగులుతుంది. అందుకే బయల్దేరే ముందు పేపర్లో జలాశయాల మట్టాలు చూసుకుంటాను. పాత ఏలేశ్వరం ఊరు ఆ నీళ్ల కిందే ఉంది. కట్ట కోసం ఊళ్లు ఒదులుకున్నవాళ్ల పిల్లలు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా కనిపిస్తారు. టీ తాగడానికి ఆగితే, పెద్దవాళ్లను అడిగితే చెప్తారు, ఆ కబురు వినకుండా రాకండి.

రెండోది దేవరకొండ నుంచి డిండి, అక్కడి నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకొని మన్ననూరు. డిండి దాకా రోడ్డు ప్రశాంతంగా ఉంటుంది. మంచి వానలు పడిన ఏడాది డిండి ప్రాజెక్టు అలుగు పోస్తుంది, అది చూడటానికే ఆ పూట సరిపోతుంది. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, దాదాపు 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. దోమలపెంట దాటినాక ఘాట్ రోడ్డు కృష్ణమ్మ దగ్గరికి దిగుతుంది. దాని అందం గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను పొడిగించను. కానీ అడవి రోడ్డును పందెం రోడ్డుగా చూసేవాళ్లను చూస్తే మనసు కష్టపెట్టుకుంటాను. అది జింకలు, కోతులు, అడవిపందులు దాటే దారి. సైలెన్సరు మార్చిన బండితో దయచేసి అటు పోకండి. కోతులకు తిండి వేయకండి, తిండికి అలవాటు పడి రోడ్డు మీదికొచ్చి చక్రాల కింద పడుతున్నాయి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసే ఉంటుంది. మీరు నల్లగొండ నుంచి రావాలి కాబట్టి మధ్యాహ్నం రెండు దాటితే లోపలికి పోకుండా ఉమామహేశ్వరం కొండ ఎక్కి వెనక్కి తిరగడం మంచిది. ఆ కొండ రోడ్డు చిన్నదే అయినా పైనుంచి చూస్తే కింద చెరువులు, పొలాలు అన్నీ కనిపిస్తాయి.

పాలమూరు వైపు పోవాలంటే పూర్తి రోజు కావాలి. కొల్లాపూర్ నుంచి సోమశిలకు దిగే దారి బాగుంటుంది: దారిపొడవునా మామిడి తోటలు, చివర శ్రీశైలం జలాశయం. జలాశయంలో నీళ్లు తగ్గితేనే బయటపడే సంగమేశ్వరం గుడి అవతలి ఒడ్డున ఉంటుంది. అయితే కల్వకుర్తి, నాగర్ కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సోమశిలకు పోయే దారిని 167-కె నంబరు జాతీయ రహదారిగా చేశారు. రోడ్డు వెడల్పయితే వంకరలు సాపవుతాయి. ఊళ్లవాళ్లకు అది మేలే, ఆసుపత్రికి పోవడానికి గంటలు పట్టే బాధ తప్పుతుంది. మనకు కావాల్సిన పాత మలుపులు మాత్రం ఉన్నప్పుడే చూసుకోవాలి. కొత్తకోట పక్కన సరళాసాగర్ కూడా చూడండి. 1959లో కట్టడం పూర్తయి వాడకంలోకి వచ్చిన ఆ ప్రాజెక్టులో సైఫన్లు ఉంటాయి. నీళ్లు నిండగానే గేట్లు ఎత్తే మనిషి లేకుండానే వాటంతట అవే పొంగి దూకుతాయి. 2019 డిసెంబరు 31న దాని కట్టకు గండి పడింది.

జాగ్రత్తల్లో హెల్మెట్ సంగతి మీకు తెలుసు, మన రోడ్లకు ప్రత్యేకమైనవి చెప్తాను. నవంబరులో, మళ్లీ ఏప్రిల్ - మే నెలల్లో రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోస్తారు. వడ్ల మీద బ్రేకు వేస్తే టైరు నిలవదు. కుప్ప చుట్టూ పేర్చిన రాళ్లు చీకట్లో కనిపించవు. నాట్ల కాలంలో పొలంలోంచి వచ్చే ట్రాక్టర్ల చక్రాలు బురద రాల్చి పోతాయి. బురద దున్నడానికి బిగించే ఇనుప చక్రాలు, అంటే కేజ్ వీల్స్ ఊడదీయకుండా తారు మీద నడిపితే గాట్లు పడి, ముందు చక్రం పక్కకు లాగుతుంది. పొద్దున, సాయంత్రం గొర్ల మందలు ఎదురొస్తాయి. అప్పుడు హారన్ కొట్టకుండా ఇంజన్ ఆపి పక్కన నిలబడండి, కాపరి దారి ఇస్తాడు. కాల్వ గట్ల మీద ఉండే మట్టిరోడ్డు అందంగా ఉంటుంది కానీ వాన పడిన మర్నాడు నల్లరేగడి టైరుకు అంటుకొని మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది. కల్వర్టు మీదుగా వాగు పారుతుంటే మోకాలిలోతైనా దాటకండి, వెనక్కి రండి.

మీకు మొదటి ఆదివారానికి నా సలహా రాచకొండ. మునుగోడు, సంస్థాన్ నారాయణపురం మీదుగా పోతే దూరం తక్కువ, గుట్టల మధ్య మలుపులు ఎక్కువ. దేవరకొండ ఏలిన పద్మనాయకులదే ఈ కోట కూడా. సీతాఫలాల కాలంలో, అంటే అక్టోబరు అటూ ఇటూ అయితే గంపలు పెట్టుకొని రోడ్డు పక్కనే అమ్ముతారు. పెట్రోలు మాత్రం మునుగోడులోనే నింపుకోండి. చందంపేట వైపు పోయేటప్పుడు దేవరకొండలో ట్యాంకు నింపనిదే కదలకండి.