బుజ్జిగాడు దీవించడం లేదు, హారికా

చిరంజీవి హారికకు అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన నీ తాబేళ్లు బుజ్జిగాడు, లడ్డూల వీడియో చూశాను. "అత్తా, మా బుజ్జిగాడు లడ్డూని దీవిస్తున్నాడు" అని కింద రాశావు చూడూ, నవ్వాగలేదు. ఫోన్లో చెబితే సగం విని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను.

అది దీవెన కాదమ్మా, పెళ్లిచూపులు. వాడు దాని మొహానికి ఎదురుగా వచ్చి, వెనక్కి ఈదుతూ, హారతి కళ్లకద్దుకునేవాళ్లలా రెండు చేతులూ చాపాడు. కాకపోతే అరచేతులు బయటికి తిప్పాడు. ఆ పొడుగాటి గోళ్లను దాని బుగ్గలకు తగిలీ తగలనట్టు గబగబా వణికించాడు. రెండు క్షణాలు ఆగాడు, మళ్లీ మొదలుపెట్టాడు. చెవి దగ్గర ఎర్ర చార ఉండే ఈ రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేళ్లలో మగవాటి ముందరి గోళ్లు అంత పొడుగు పెరిగేది ఈ పని కోసమే. అవి పెరిగిపోయాయని కత్తిరించేవు, ఆ పని మాత్రం చేయకు.

ఇప్పుడు వీడియో మళ్లీ పెట్టుకుని లడ్డూని చూడు. మనమందరం వాడి చేతులే చూస్తాం, చూడాల్సింది దాన్ని. తల లోపలికి లాక్కుంది, పక్కకు తిరిగింది, మూలకి పోయి గాజుకి తగిలింది. వాడు అక్కడికీ వచ్చాడు. ఇష్టమైతే ఆడ తాబేలు పారిపోదు. మెల్లగా నీళ్ల అడుక్కి దిగిపోతుంది, అప్పుడు వాడు వెనక నుంచి ఎక్కి డిప్ప అంచులు పట్టుకుంటాడు. ఇష్టం లేకపోతే తప్పుకుని పోతుంది, మరీ విసిగిస్తే కరుస్తుంది కూడా. చెరువులో అయితే తప్పుకుంటే తప్పుకున్నట్టే, వాడికి మళ్లీ కనబడదు. నీ ట్యాంకు రెండడుగులు. ఎక్కడికి పోతుంది పాపం?

ఈ సంగతి నాకు ఊరికే తెలియలేదు. మొదటిసారి తెచ్చుకున్నప్పుడు షాపతను "జత మేడమ్" అని అంటగట్టాడు. అగ్గిపెట్టెంత పిల్లలవి. ఆ వయసులో ఆడో మగో వాటికే తెలీదు, అతనికేం తెలుస్తుంది! డిప్ప నాలుగంగుళాలు దాటేదాకా ఎవరు చెప్పినా నమ్మకు. ఏళ్లు గడిచాక మగది ఇలాగే చేతులాడించడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ పిలిచి మరీ చూపించేదాన్ని. ఒకరోజు నీళ్లు మారుస్తుంటే ఆడదాని మెడ మీద రూపాయి బిళ్లంత తోలు ఊడి ఎర్రగా కనిపించింది. నేను ముద్దులనుకుంటున్నవి కాట్లు. ఆ సాయంత్రమే వాడిని బట్టలు నానబెట్టే టబ్బులోకి మార్చాను. ఆ రెండింటినీ మళ్లీ కలపలేదు.

కాబట్టి ముందు నీవి నిజంగా ఏవేవో తేల్చుకో. గోళ్లతో పాటు తోక చూడు. మగదాని తోక పొడుగు, మొదట్లో లావు. మలద్వారం డిప్ప అంచు దాటి తోక మీదికి ఉంటుంది. ఆడదాని తోక పొట్టి, ద్వారం డిప్పకి దగ్గరగా ఉంటుంది. పెద్దయ్యాక ఆడదే పెద్ద సైజు. చేతులాడించినంత మాత్రాన మగదని రాసిపెట్టుకోకు. చిన్న పిల్లలు కూడా ఆడిస్తాయి, మగది ఇంకో మగదాని ముందూ ఆడిస్తుంది. రెండు మగవైతే అది మెల్లగా కుస్తీలోకి దిగుతుంది, ఒకే ట్యాంకులో అసలు వద్దు.

ఇంకోటి, రాయి మీద ఒకదాని మీద ఒకటి ఎక్కి ఎండ కాచుకుంటున్నాయని ఫోటో తీసి "బెస్ట్ ఫ్రెండ్స్" అని స్టేటస్ పెట్టావు. స్నేహం కాదే తల్లీ, బస్సులో కిటికీ సీటు గొడవ అది. వెచ్చటి చోటు ఒక్కటే ఉంటే పైకెక్కినది గెలిచినట్టు. ఒక వారం కాగితం మీద రాసుకో: ఎవరు ఎంతసేపు రాయి మీద ఉన్నారు, ఎవరు ముందు తిన్నారు, ఎవరు మూలకే ఉంటున్నారు. రోజూ ఒకటే నీళ్లలో మిగిలిపోతుంటే దానికి ఎండ చాలదు, డిప్ప మెత్తబడుతుంది. గుట్టలుగా ఎండ కాచుకున్నా, ఇవి మందగా బతికే జీవాలు కావు. ఒంటరిగా ఉంటే దిగులుపడవు. మనం తోడు లేదని బాధపడి ఇంకోదాన్ని తెస్తాం, అదే దానికి టెన్షన్.

నిన్ను చూడగానే గాజు దగ్గరికి ఎగబడేది కూడా చాలావరకు మేత కోసమే. నాకూ ఒప్పుకోవడానికి కష్టంగానే ఉండేదిలే.

మగదీ ఆడదీ అని తేలితే విడదీయడమే నా మాట. మధ్యలో గాజు పలక పెట్టకు, అటూ ఇటూ చూసుకుంటూ రోజంతా గీరుతూనే ఉంటాయి. అవతలిది కనబడని అట్ట కానీ, వేరే టబ్బు కానీ కావాలి. లెక్కకి ఒక్కో అంగుళం డిప్పకి దాదాపు 40 లీటర్ల నీళ్లు అంటారు. ఆడది పది అంగుళాల దాకా పెరుగుతుంది, నువ్వే కట్టుకో లెక్క. మీ ఫ్లాట్‌లో అంత చోటు లేదని నాకూ తెలుసు. రెండు సిమెంటు తొట్లు బాల్కనీలో పెట్టి, సగం నీడ ఉండేలా చూసుకుంటే నడుస్తుంది.

విడదీశాక కూడా లడ్డూ మీద ఓ కన్నేసి ఉంచు. మగది పక్కన లేకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది. ఒకసారి జత కట్టిందంటే ఆ వీర్యాన్ని నెలల తరబడి లోపల దాచుకోగలదు కూడా. తిండి మానేసి, తొట్లోంచి బయటికెక్కాలని చూస్తూ, వెనక కాళ్లతో తవ్వినట్టు చేస్తోందంటే గుడ్లకి చోటు వెతుకుతోందని అర్థం. ఓ వెడల్పాటి టబ్బులో జానెడు లోతు తడి మట్టీ ఇసకా కలిపి పోసి అందులో వదిలి, నువ్వు అవతలికి వెళ్లిపో. పక్కన నిలబడి చూస్తే పెట్టదు. రోజులు గడిచినా పెట్టక నీరసపడితే గుడ్లు లోపలే ఇరుక్కున్నాయేమో అనుమానించాలి. అప్పుడు ఎక్స్‌రే తీయగలిగిన, తాబేళ్లు చూసే డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకెళ్లు. నా స్నేహితురాలి తాబేలు సరిగ్గా ఇలాగే పోయింది. అలిగిందిలే అని వారం ఊరుకుంది ఆవిడ.

గుడ్లు పొదిగించే సరదా మాత్రం పెట్టుకోకు. తమాషా ఏంటంటే వీటిలో ఆడా మగా తేల్చేది వేడి. గుడ్డున్న మట్టి చల్లగా ఉంటే మగవి, బాగా వెచ్చగా ఉంటే ఆడవి వస్తాయి. తమాషా బాగానే ఉంది, కానీ ఆ పిల్లల్ని ముప్పై ఏళ్లు ఎవరు పెంచుతారు? పెంచలేక గుడి కోనేట్లోనో చెరువులోనో వదులుతారు. ఇది అమెరికా జాతి. మన నీళ్లలో మన తాబేళ్ల తిండీ ఎండా లాక్కుంటుంది. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 చొరబాటు జీవుల జాబితాలో దీని పేరుంది.

మీ పక్కింటాయన తోడుగా నక్షత్ర తాబేలు తెచ్చిస్తానన్నాడని రాశావు. వద్దని చెప్పు. అది నీళ్లలో బతికేది కాదు, పైగా 1972 వన్యప్రాణి చట్టం కింద ఇంట్లో పెంచడం నేరం.

ఆదివారం రెండింటి తోకలూ ఫోటో తీసి పంపు. పైనుంచి కాదు, పొట్టవైపు నుంచి. పట్టుకునేటప్పుడు కింద దిండు వేసుకో, తన్నుకుని చేతిలోంచి జారతాయి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఫోన్ ముట్టుకో.

మీ అత్త