మూతబడిన షాపు అందరి హాలు కావాలంటే: ముందు తలల లెక్క

అమెరికాలో ఉగాదికి స్కూలు ఆడిటోరియం దొరకదు. బతుకమ్మకు దొరికినా రాత్రి తొమ్మిదికల్లా లైట్లు ఆర్పేస్తారు. ఇంతలో ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న స్ట్రిప్ మాల్ (రోడ్డు పక్క వరస షాపుల సముదాయం) షాపొకటి చవగ్గా వస్తోందని వాట్సాప్‌లో ఎవరో పెడతారు. వియత్నాం వాళ్లు, మెక్సికో వాళ్లు, ఇథియోపియా వాళ్లు కూడా చోటు కోసమే వెతుకుతున్నారు కాబట్టి అందరూ కలిస్తే ఖర్చు తేలికవుతుందనిపిస్తుంది. ఆలోచన మంచిదే. మినియాపొలిస్‌లో 1928లో కట్టిన సియర్స్ దుకాణ భవనం 1994లో మూతబడితే, 2006లో అందులోనే పలు దేశాల వాళ్ల దుకాణాలతో మిడ్‌టౌన్ గ్లోబల్ మార్కెట్ తెరుచుకుంది. అయితే అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లు అద్దె ఎంతో అడుగుతారు గానీ, లోపల ఎంతమందిని సిటీ ఒప్పుకుంటుందో అడగరు. ఖర్చంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

షాపు బిల్డింగ్ కోడ్‌లో ‘ఎమ్’ తరగతి. జనం గుమిగూడే కమ్యూనిటీ హాలు ‘ఎ-3’. తరగతి మారితే కొత్త ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనాన్ని వాడుకోవచ్చని సిటీ ఇచ్చే పత్రం) కావాలి, భవనం కొత్త తరగతి నిబంధనలకు తూగాలి. చాలా ఊళ్లు అనుసరించే అంతర్జాతీయ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఉత్త కుర్చీలు వేస్తే మనిషికి 7 చదరపు అడుగులు, బల్లలు కూడా వేస్తే 15, తరగతి గదిలో 20. ఒకే గదిని రెండు రకాలుగా వాడితే ఎక్కువ జనం వచ్చే లెక్కే తీసుకుంటారు.

2,000 చదరపు అడుగుల హాలనుకోండి. బల్లలతో 133 మంది, కుర్చీలతో 285 మంది. ఎ-3లో 300 మంది చేరితే స్ప్రింక్లర్లు (మంట లేస్తే పైనుంచి నీళ్లు చల్లే ఏర్పాటు) తప్పనిసరి, 285 కాబట్టి గండం గడిచిందనుకుంటారు. తర్వాత ఎవరో ‘పిల్లలకు తెలుగు బడి గది కూడా పెడదాం’ అంటారు. 400 చదరపు అడుగుల గది అంటే ఇంకో 20 మంది. మొత్తం 305. ఆ ఒక్క గదితో వీధి నీటి మెయిన్ నుంచి ఫైర్ లైను, నీళ్లు వెనక్కి పోకుండా ఆపే బ్యాక్‌ఫ్లో వాల్వు, పైకప్పు నిండా పైపులు వచ్చి పడతాయి. గది కొంచెం తగ్గించడమో, ఆ బడిని హాల్లోనే నడపడమో నయం.

అప్లికేషన్‌లో రాసే మాట కూడా లెక్కే. ‘బాంక్వెట్ హాల్’ అంటే ఎ-2 తరగతి, అక్కడ 100 మందికే స్ప్రింక్లర్లు కావాలి. అలాగని ప్రతి శనివారం పెళ్లి భోజనాలు పెడుతూ కమ్యూనిటీ హాలని రాస్తే ఫైర్ మార్షల్ (అగ్ని భద్రత తనిఖీ అధికారి) ఒకసారి వచ్చి చూసేసరికి బండారం బయటపడుతుంది. కొన్ని ఊళ్ల నిబంధనలు ఇంతకన్నా కఠినం. అందుకే లీజు మీద సంతకం పెట్టకముందే లైసెన్సున్న ఆర్కిటెక్ట్‌ను వెంటబెట్టుకుని ప్లానింగ్ శాఖతో ముందస్తు సమావేశం అడగండి. లీజులోనో కొనుగోలు ఒప్పందంలోనో ‘జోనింగ్ (ఆ చోట ఏం నడపొచ్చన్న నిబంధన), వినియోగ మార్పు అనుమతి రాకపోతే అడ్వాన్సు వెనక్కి’ అనే షరతు ఉండాలి.

50 మంది చేరితే రెండు దారులు, బయటికి తెరుచుకునే తలుపులు, నెడితే తెరుచుకునే ప్యానిక్ బార్లు కావాలి. సుమారు 280 మందికి మగవాళ్లకు 2, ఆడవాళ్లకు 3 టాయిలెట్లు. షాపులో సాధారణంగా ఉండేది ఒకటో రెండో. కొత్తవి పాత వాటి గోడకు ఆనించి కట్టించండి. హాలు అవతలి మూల కట్టాలంటే కాంక్రీటు స్లాబు కోసి డ్రెయిన్ లాగాలి, బడ్జెట్ గల్లంతయ్యేది అక్కడే. పార్కింగ్ చాలా ఊళ్లలో నాలుగు సీట్లకు ఒకటి. 280కి 70 అవుతుంది. పక్క షాపులు సాయంత్రం మూసేస్తాయి కదా అని నోటిమాట మీద వదిలేయకుండా, ఉమ్మడి పార్కింగ్ ఒప్పందం రాయించుకోండి.

ఇక మూతబడిన భవనం సొంత జబ్బులు. లోపలికి వెళ్లగానే మురుగు కంపు కొడితే భయపడకండి, నేల మీది డ్రెయిన్ ట్రాపులో (కంపు పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపులో) నీళ్లు ఎండిపోయి ఉండొచ్చు. బకెట్ నీళ్లు పోసి మర్నాడు మళ్లీ చూడండి. అప్పటికీ పోకపోతే కెమెరాతో పైపు చూపించాలి. పైకెక్కి ఏసీ యూనిట్ల మూతలు తీయించండి. ఖాళీ భవనాల్లో రాగి కాయిల్స్ దొంగలు కోసుకుపోతారు. ఆర్-22 గ్యాసుతో నడిచే పాతదైతే 2020 నుంచి అమెరికాలో ఆ గ్యాసు కొత్తగా తయారు కావడం లేదు, మార్చుకోవడమే మేలు.

ఏసీ శక్తి కూడా తలల లెక్కే. కూర్చున్న మనిషి గంటకు సుమారు 350 బీటీయూ (వేడిని కొలిచే లెక్క) వేడి వదిలితే, ఆడే మనిషి 850. 200 మంది బతుకమ్మో, గర్బానో ఆడితే మనుషుల వేడికే 14 టన్నులు. చీరల దుకాణం కోసం పెట్టిన యూనిట్లు దీనికి ఆగవు.

పాత డ్రైక్లీనింగ్ షాపో, పెట్రోలు బంకో ఉన్న చోటైతే కొనేముందు ఫేజ్-1 పర్యావరణ పరీక్ష (ఆ స్థలం గత చరిత్ర వెతికే పరిశీలన) చేయించండి. బ్యాంకు అడగకపోయినా సరే. భూమిలో డ్రైక్లీనింగ్‌కు వాడే పెర్క్ రసాయనం తేలితే శుభ్రం చేసే భారం కొన్నవాళ్ల నెత్తినే పడే ప్రమాదం ఉంది. పాత తాపడం, టైళ్లు పీకకముందే ఆస్‌బెస్టాస్ పరీక్ష కూడా చేయించాలి.

వంటగది దగ్గర మనవాళ్లు మొండికేస్తారు. గారెలు, బొబ్బట్లు అక్కడే వేయాలంటే పొయ్యి పైన పొగ, గ్రీజు పట్టే హుడ్డు, దాని లోపల మంటలార్పే రసాయన వ్యవస్థ, డ్రెయిన్‌కు గ్రీజు ట్రాపు కావాలి. మా సలహా: మొదటి రెండేళ్లు వండొద్దు. బయట వండించి, అక్కడ వేడి చేయడమే. కలిసి వాడే చోట ఇంకో లాభమూ ఉంది, పంది మాంసమో గొడ్డు మాంసమో ఏ గిన్నెలో వండారన్న తగాదా ఉండదు. ఫ్రిజ్‌లు రెండు పెట్టి ఒకదాన్ని శాకాహారానికే కేటాయించండి. గిన్నెలు ఎవరివి వాళ్ల లాకర్లలో.

నేల మీద కార్పెట్ వద్దు. అక్షింతలు ఇరుక్కుంటాయి, కుంకుమ మరక పోదు. వినైల్ ప్లాంకు మేలు. కూచిపూడి క్లాసుంటే కాంక్రీటు మీద నేరుగా వినైల్ వేయించొద్దు, పిల్లల మోకాళ్లు పోతాయి. కింద ఫోమ్ ప్యాడ్లున్న చెక్క నేల కనీసం ఒక మూలైనా ఉండాలి. చెప్పుల స్టాండు ఎగ్జిట్ దారిలో పెట్టొద్దు. అక్కడ చెప్పుల గుట్ట కనబడితే ఫైర్ తనిఖీలో మొదట రాసేది దాన్నే. హోమం, హారతి, కొవ్వొత్తులు ఎవరు వెలిగించినా ముందుగా ఫైర్ మార్షల్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

లాభాపేక్ష లేని సంస్థ పెట్టి 501(సి)(3) అనే ఆదాయ పన్ను మినహాయింపు హోదాకు 1023 ఫారం వేస్తే ఫీజు 600 డాలర్లు. చిన్న సంస్థలకు 1023-ఈజెడ్ ఉంది, 275 డాలర్లు. ఆ హోదా వచ్చినంత మాత్రాన ఆస్తి పన్ను దానంతటదే మాఫీ కాదు, రాష్ట్రానికో కౌంటీకో విడిగా దరఖాస్తు పెట్టాలి. హాలు అప్పు చేసి కొని, పెళ్లిళ్లకు అద్దెకిస్తే ఆ ఆదాయం మీద పన్ను పడొచ్చు. సీపీఏను (లైసెన్సున్న అకౌంటెంట్‌ను) ముందే అడగండి. ప్రతి సంఘమూ తన కార్యక్రమానికి బీమా సర్టిఫికెట్ తెచ్చి, అందులో హాలు సంస్థ పేరు చేర్పించాలి. బుకింగ్‌లో ముందు ఒక గంట, వెనక ఒక గంట సర్దుకోవడానికి కలపండి. లేకపోతే మీ పూలదండలు దింపుతుండగానే తర్వాతివాళ్ల స్పీకర్లు లోపలికొస్తాయి.

ఉగాదికి ప్రారంభోత్సవమని ఆహ్వానాలు ముందే పంపొద్దు. తాత్కాలిక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అయినా చేతికొచ్చాకే తేదీ చెప్పండి. నెట్టిన ప్యానిక్ బార్ వెంటనే వెనక్కి రాకపోయినా తనిఖీ మళ్లీ పెడతారు, మళ్లీ తనిఖీ ఏ రోజుకు దొరుకుతుందో సిటీ వాళ్లిష్టం.