టేబుల్ మీద పెట్టుకుని దగ్గర నుంచి వినడానికి పాసివ్ స్పీకర్లు: ఐదంగుళాలా, ఆరున్నరా?

పటమటలో ఒంటిగది అద్దెకు తీసుకున్నానని, మానిటర్‌కి అటూ ఇటూ పెట్టుకుని రెండున్నర అడుగుల దూరం నుంచి వినడానికి ఐదంగుళాల ఊఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) ఉన్న పాసివ్ స్పీకర్లు, అంటే ఆంప్లిఫయర్ విడిగా తగిలించాల్సినవి, కొనాలా, ఆరున్నర అంగుళాలవి కొనాలా అని అడిగారు. ఐదే తీసుకోండి, నాలుగున్నరైనా పరవాలేదు. ఆరున్నర జోలికి మాత్రం వెళ్లకండి. నేను వెళ్లి ఏడాది పాటు ఇబ్బంది పడ్డాను.

మాది గుంటూరు, బ్రాడీపేట. మేడ మీద పదడుగుల గది, కింద టైల్స్, చుట్టూ ఉత్త గోడలు. టేబుల్ గోడకి ఆనించే ఉంటుంది. విజయవాడలో ఒక షాపు హాల్లో పదడుగుల అవతల సోఫాలో కూర్చుని విన్నప్పుడు ఆరున్నర అంగుళాల జత ఎంతో బాగుంది. ఎక్కడ పెడతారు, ఎంత దూరం నుంచి వింటారు అని అక్కడ ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తెలియదు. ఇంటికి తెచ్చి కచేరీ పెడితే మృదంగం తొప్పి (బేస్ పలికే వైపు) మీద పడ్డ ప్రతి దెబ్బా బొంయ్‌మని మోగుతూ, అది తగ్గకముందే తర్వాతి దెబ్బ వచ్చి దాంట్లో కలిసిపోయేది. బాలమురళీకృష్ణ గారు మంద్రంలోకి దిగితే సాహిత్యం ముద్దగా వినపడేది. ఆ గొంతు అలా వింటుంటే ప్రాణం ఉసూరుమనేది.

తప్పు స్పీకర్లది కాదు. వాటి పోర్టు (బేస్ కోసం పెట్టెకి పెట్టే గొట్టంలాంటి రంధ్రం) వెనకవైపు ఉంది, గోడ నాలుగంగుళాల్లో ఉంది. వెనక గోడ, కింద టేబుల్ కలిసి బేస్‌ని పెంచేశాయి. దానికి తోడు పెద్ద బాక్సులో ఊఫర్‌కీ, సన్నని శబ్దాలు పలికే ట్వీటర్‌కీ మధ్య ఎడం ఎక్కువ. దూరం నుంచి ఆ రెండూ కలిసి ఒక్క గొంతుగా వినపడతాయి. రెండున్నర అడుగుల్లో కూర్చుంటే, కుర్చీలో కాస్త జారగిలబడినా గొంతు మారిపోతుంది.

అందుకే దగ్గర నుంచి వినేవాళ్లకి చిన్న బాక్సు మేలు. 1970ల్లో బీబీసీ ఇంజినీర్లు బయట ప్రసారాలకి వెళ్లే వ్యాన్లలో వినడానికి ఎల్‌ఎస్3/5ఏ అనే స్పీకర్ చేసుకున్నారు. లోపల సుమారు ఐదు లీటర్ల చోటు, పోర్టే లేని మూసిన పెట్టె. ఇరుకు చోట, మనిషి గొంతు ఉన్నది ఉన్నట్టు వినాలన్నదే వాళ్ల అవసరం. మీ గదిలో మీకు కావాల్సిందీ అదే కదా.

ఐదంగుళాల తరహావాటిలో ఎలాక్ డెబ్యూ బీ5.2కి పోర్టు ముందువైపు ఉంటుంది, గోడ దగ్గర పెట్టేవాళ్లకి అది సుఖం. కెఫ్ క్యూ150లో ఊఫర్ నడిమధ్యలోనే ట్వీటర్ కూర్చుని ఉంటుంది కాబట్టి ఇందాక చెప్పిన ఎడం గొడవే ఉండదు. కానీ దాని పోర్టు వెనక ఉంది, టేబుల్‌ని ఓ జానెడైనా ముందుకి లాగాలి.

వాట్ల గురించి దిగులు పడకండి. 85 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ ఒక్క వాటుతో మీటరు దూరంలో 85 డెసిబెల్స్ ఇస్తుంది. మీరు ఇంకా దగ్గర కూర్చుంటారు, పైగా స్పీకర్లు రెండు. రోజూ వినే వాల్యూమ్‌కి ఒక వాటు కూడా ఖర్చవదు. ఆ దూరంలో అసలు చూడాల్సింది ఆంప్లిఫయర్ ఎంత నిశ్శబ్దంగా ఉందన్నది. నా మొదటి చిన్న ఆంప్, పాట లేనప్పుడు సుయ్‌మంటూనే ఉండేది. పగలు ఫ్యాన్ చప్పుడులో తెలిసేది కాదు, రాత్రి పదకొండింటికి ఫ్యాన్ ఆపి వీణ పెట్టుకుంటే తీగకీ తీగకీ మధ్య ఆ సొదే.

తెచ్చాక టేబుల్ మీద నేరుగా పెట్టకండి. ట్వీటర్ మీ చెవి ఎత్తుకి రావాలి. నేను వడ్రంగి చేత ఆరంగుళాల చెక్క దిమ్మలు రెండు చేయించి, పైభాగం కొంచెం వెనక్కి వాలేలా కోయించాను. టేబుల్ మీద తగిలి వచ్చే శబ్దం ఎక్కడిదో తెలియాలంటే చేతి అద్దం తీసుకుని స్పీకర్‌కీ మీకూ మధ్య బల్ల మీద పరిచి జరుపుతూ చూడండి. అద్దంలో ట్వీటర్ కనపడిన చోటు నుంచే వస్తోంది. దిమ్మలు పెట్టాక అక్కడ మందపాటి తువ్వాలు మడిచి వేస్తే బాలమురళి గారి మాట విడివిడిగా వినపడింది.

షాపుకి వెళ్తే, మీరు కొనబోయే ఆంప్‌కే తగిలించమని అడగండి. సోఫా వద్దని చెప్పి, రెండున్నర అడుగుల్లో కుర్చీ వేయించుకోండి. ముందు పాట పెట్టనివ్వకండి. వాల్యూమ్ మీరు రోజూ వినే చోట పెట్టించి, చెవి ట్వీటర్ దగ్గరికి తీసుకెళ్లి అర నిమిషం వినండి.