నర్సింగ్ చదివే అమ్మాయి డిజైన్‌లోకి వెళ్తానంటోంది, పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది చదువుతోంది. వాళ్ల తాతగారికి పక్షవాతం వచ్చాక మాత్రలు, ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబ్ ద్వారా ఫీడింగ్, ఇన్సులిన్ ఎవరు ఎప్పుడు ఇచ్చారో ఇంట్లో అందరికీ తెలిసేలా బొమ్మలతో ఒక చార్టు గీసి ఫ్రిజ్‌కు అంటించింది. ఇప్పుడు నర్సింగ్ మానేసి, రోగుల్ని చూసుకునేవాళ్ల కోసం ఫోన్ యాప్‌లు డిజైన్ చేస్తానంటోంది. కోడింగ్ రాదు. ఇది నిలబడే దారేనా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: దారి నిలబడేదే. నర్సింగ్ మానేయడం మాత్రం వద్దు. నాలుగో ఏడాది పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అయ్యాకే అడుగు వేయమనండి. డిజైన్‌లో పీజీ చేయాలన్నా డిగ్రీ చేతిలో ఉండాలి, అది ఒక కారణం. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. స్క్రీన్లు అందంగా గీసేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. రాత్రి డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు చెప్పిన మాటల్లో ఏది రెండో నర్సు చెవికి ఎక్కదో తెలిసిన డిజైనర్లు అరుదు. ఆ ఎరుక వార్డులోనే వస్తుంది.

ఈ రంగాన్ని యాప్ డిజైన్ అనుకుంటే సగమే అర్థమైనట్టు. మంచంలో ఉన్న మనిషిని ఒక్కరు చూసుకోలేరు. పొద్దున కోడలు, పగలు అటెండర్, రాత్రి కొడుకు, వారానికోసారి ఫిజియోథెరపిస్ట్, ఫోన్‌లో డాక్టరు. పని చేతులు మారిన ప్రతిసారీ ఏదో ఒకటి జారిపోతుంది. ఆ జారేదాన్ని పట్టుకుని అందరి కళ్లకూ ఒకేలా కనపడేలా పెట్టడమే ఈ పని. ఆసుపత్రుల్లో డ్యూటీ అప్పగింతకు వాడే ఎస్‌బార్ పద్ధతి, అంటే పరిస్థితి, నేపథ్యం, అంచనా, చేయాల్సింది అనే నాలుగు అంచెల వరస, అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల్లో పుట్టి వైద్యంలోకి వచ్చింది. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి చూసినవాళ్లకు, అంత ఇరుకులో డ్యూటీ మారేటప్పుడు ఒక్క మాట తప్పితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మీ ఫ్రిజ్ మీద చార్టునే తీసుకుందాం. అందులో రాత్రి 8 గంటల గడి ఖాళీగా ఉందనుకోండి. దానర్థం ఏమిటి? మాత్ర ఇవ్వలేదా, ఇచ్చి టిక్కు పెట్టడం మర్చిపోయారా, వాంతి అయిందని డాక్టరే ఆపమన్నారా, అసలు ఇంకా టైం కాలేదా? ఒకే ఖాళీ గడికి నాలుగు అర్థాలు. వీటిలో మొదటి రెండింటినీ కలిపేస్తే మాత్ర రెండుసార్లు పడుతుంది, లేదా అసలు పడదు. కాబట్టి ఇంకా టైం కాలేదు, ఇచ్చాం, కావాలనే ఇవ్వలేదు, టైం దాటింది కానీ ఎవరూ ఏమీ రాయలేదు – ఈ నాలుగూ చూడగానే వేర్వేరుగా తెలియాలి. కేవలం రంగుతో కాదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వాళ్లు ఇంట్లోనే ఉండొచ్చు, ఫోన్ స్క్రీన్ ఎండలో వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఆకారం, మాట, రంగు మూడూ కలిసి చెప్పాలి. 'కావాలనే ఇవ్వలేదు' పక్కన కారణం రాసే చోటు తప్పనిసరి.

ఇదే చార్టు ఫోన్లలోకి వెళ్తే కొత్త చిక్కు మొదలవుతుంది. కోడలి ఫోన్‌కు సిగ్నల్ లేదు. 8 గంటలకు మాత్ర వేసి టిక్కు కొట్టింది, అది ఆమె ఫోన్‌లోనే ఉండిపోయింది. ఎనిమిదిన్నరకు కొడుకు తన ఫోన్ చూస్తే గడి ఖాళీ. ఇంకోటి వేశాడు. తర్వాత రెండు ఫోన్లూ కలిసినప్పుడు, చివరగా వచ్చిందే నిజం అనే పద్ధతిలో యాప్ కట్టి ఉంటే, ఇద్దరిలో ఒకరి నమోదు చెరిగిపోయి ఒకే మాత్ర ఇచ్చినట్టు కనిపిస్తుంది. జరిగిన తప్పును యాప్ దాచేసింది! అందుకే ఇలాంటి పరికరాల్లో పాత నమోదు మీద కొత్తది ఎక్కకూడదు. ప్రతి పనీ వేరే వరసగా, టైంతో సహా చేరాలి. 'ఈ ఫోన్‌కు చివరి సమాచారం అందింది: 7.40' అని పైన పెద్దగా కనపడాలి. సమాచారం పాతదైతే 'ముందు మాత్రల డబ్బా చూడండి' అనాలి. వారం మాత్రల డబ్బాలో ఆ పూట గడి ఖాళీ అయిందంటే మాత్ర బయటికి తీశారన్నట్టే, దానికి సిగ్నల్ అక్కర్లేదు. స్క్రీన్ కంటే డబ్బా నమ్మకమైన చోట డబ్బానే చూపించే ధైర్యం డిజైనర్‌కు ఉండాలి.

మీ అమ్మాయి వార్డులో నేర్చుకున్నది ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. కేస్ షీట్‌లో తప్పు రాస్తే వైట్‌నర్ పూయరు. ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ, టైం వేసి సంతకం పెడతారు. యాప్‌లో 'డిలీట్' బటన్ ఉండాల్సిన చోట ఆ కొట్టివేత ఉండాలి. మందుల పట్టీని మార్చే హక్కు డాక్టరుకో, ఆయన చెప్పగా నర్సుకో ఉండాలి. ఇంట్లోవాళ్లు ఇచ్చారో లేదో నమోదు చేయడం వరకే.

తోటివాళ్లతో పంచుకునే ఏ పరికరానికైనా ఇంకో ప్రమాదం ఉంది, చాలా యాప్‌లు దానికే బలవుతాయి. 'మిస్ అయింది' అని ఎర్రగా వేసి పక్కన అటెండర్ పేరు చూపిస్తే, రెండో రోజు నుంచి ఆమె మాత్ర ఇవ్వకపోయినా టిక్కు కొడుతుంది. ఉద్యోగం పోతుందన్న భయం మరి. అప్పట్నుంచి చార్టు నిండుగా ఉంటుంది, అందులో నిజం ఉండదు. ఇలా అడగడం మేలు: 'బీపీ మాత్ర ఇంకా నమోదు కాలేదు. ఇచ్చారా?' మనిషిని కాదు, మాత్రను చూపించాలి. ఎవరు ఇచ్చారన్నది లోపల భద్రంగా ఉండాలి, డాక్టరు అడిగినప్పుడు బయటికి రావాలి.

బొమ్మల విషయానికి వస్తే, అందం కోసం గీసే బొమ్మ వేరు, ప్రాణం కాపాడే బొమ్మ వేరు. ఇన్సులిన్ చూడండి. మన దగ్గర సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ దొరుకుతాయి, 100 యూనిట్లవీ దొరుకుతాయి. 40కి సరిపోయే సిరంజికి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 యూనిట్ల సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు లాగితే అది అర మిల్లీలీటరు, అంటే 20 కాదు, 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. యాప్‌లో 'ఇన్సులిన్ 20' అని అంకె వేసి పక్కన సూది బొమ్మ పెడితే ఈ తప్పును ఎవరూ పట్టుకోలేరు. ఆ ఇంట్లో ఉన్న సీసా ఫొటో, దాని మీది అంకె, సరైన మూత రంగు ఉన్న సిరంజి, ఎక్కడి దాకా లాగాలో ఆ గీత – నాలుగూ ఒకే చోట కనపడాలి. సీసా మార్చిన రోజు యాప్ మళ్లీ అడగాలి. మీ అమ్మాయిని ఈ ఒక్క స్క్రీన్ మీద నెల రోజులు కూర్చోమనండి. పది యాప్‌లకు పైపై మెరుగులు దిద్దడం కంటే ఎక్కువ నేర్చుకుంటుంది.

సూర్యుడు, చంద్రుడు బొమ్మల దగ్గర కూడా జాగ్రత్త. 'మూడు పూటలా' అన్నదీ 'ఎనిమిది గంటలకోసారి' అన్నదీ ఒకటి కాదు. రెండోదాన్ని ఉదయం, మధ్యాహ్నం, రాత్రి బొమ్మలతో చూపిస్తే రాత్రికీ పొద్దుటికీ మధ్య ఎడం పెరిగిపోతుంది. పరగడుపున అంటే ఎంతసేపు ముందో బొమ్మ చెప్పదు, మాట చెప్పాలి.

తెలుగు అక్షరాలకు ఇంగ్లిష్ కంటే ఎత్తు ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ కోసం కట్టిన బటన్‌లో 'శస్త్రచికిత్స' అని వేసి చూస్తే కింద వత్తులు తెగిపోతాయి. వరస ఎత్తు అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు పెట్టి మొదలెట్టాలి, ఫోన్ సెట్టింగుల్లో అక్షరాలు బాగా పెద్దవి చేసినా ఏదీ తెగకూడదు. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలన్నది వెబ్ సౌలభ్య ప్రమాణం. ఆండ్రాయిడ్‌లో నొక్కే చోటు 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలి. శానిటైజర్ తడి ఆరని వేలికి అది కూడా చిన్నదే అనిపిస్తుంది, ఇంకా పెంచినా తప్పులేదు.

కోడింగ్ రాదన్న బెంగ అక్కర్లేదు. ముందు ఎ4 కాగితం, పెన్సిలు చాలు. కాగితం మీద కుదిరాక గూగుల్ ఫామ్ ఒకటి తయారుచేసి ముగ్గురి ఫోన్లలో పెట్టమనండి. ఎవరు నింపినా షీట్‌లో టైంతో సహా కొత్త వరస చేరుతుంది, పాతది చెరగదు. పైన చెప్పిన సూత్రం పైసా ఖర్చు లేకుండా చేతికొస్తుంది. స్క్రీన్ల కోసం ఫిగ్మా గానీ, ఓపెన్ సోర్స్‌లో దొరికే పెన్‌పాట్ గానీ నేర్చుకోవచ్చు. రోజుకు గంట చొప్పున రెండు నెలలు సాధన చేస్తే పనికి సరిపడా వస్తుంది.

ఇక పరీక్షించడం. ఈ పని తెలియని ఐదుగురిని కూర్చోబెట్టి ఒక్కటే అడగాలి: 'ఇప్పుడు రాత్రి 9 గంటలు. తాతగారికి బీపీ మాత్ర పడిందా?' ఎన్ని సెకన్లు పట్టింది, ఎక్కడ వేలు ఆగింది, తప్పు చెప్పారా అన్నవి రాసుకోవాలి. మధ్యలో సాయం చేయకూడదు. ఇది చాలా కష్టం, నోరు ఊరుకోదు. అయినా సాయం చేస్తే పరీక్ష అక్కడితో చెడినట్టే. వాడటం ఎంత సులువో కొలిచే పది ప్రశ్నల ఎస్‌యూఎస్ కొలత ఒకటి ఉంది, 1986లో జాన్ బ్రూక్ తయారుచేసింది, వందకు సగటు 68 దగ్గర ఉంటుంది. వాడుకోవచ్చు గానీ, ఐదుగురితో వచ్చిన స్కోరును పోర్ట్‌ఫోలియోలో, అంటే చేసిన పనులు చూపించే ఫైల్లో, గొప్పగా వేయొద్దని చెప్పండి. ఇంటర్వ్యూలో అనుభవం ఉన్నవాళ్లు పట్టుకునేది ముందు దాన్నే.

చదువు విషయం. ఎం.డెస్., అంటే డిజైన్‌లో పీజీ కోసం ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష ఏటా జనవరిలో ఉంటుంది. ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు ఏ సబ్జెక్టువాళ్లైనా రాయొచ్చు, ఫైనలియర్‌లో ఉన్నవాళ్లూ రాయొచ్చు. పార్ట్-ఎ కంప్యూటర్ మీద, పార్ట్-బిలో చేత్తో గీసి చూపాలి. స్కోరు ఏడాది చెల్లుతుంది. ఐఐటీ బాంబేలోని డిజైన్ విభాగమైన ఐడీసీ, ఐఐటీ గువాహటి, ఐఐటీ హైదరాబాద్ వంటివి దీని ద్వారా తీసుకుంటాయి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)కి డ్యాట్ అనే వేరే పరీక్ష ఉంది. నాలుగో ఏడాదిలో క్లినికల్ పోస్టింగులతో పాటు దీనికి చదవడం భారమే. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తూ రాయడమే మంచిదని నా అభిప్రాయం. ఆ ఏడాది వృథా కాదు.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. యూఎక్స్ (వాడేవాళ్ల అనుభవం) డిజైనర్, యూఎక్స్ రిసెర్చర్ పేరుతో హెల్త్ కంపెనీలు తీసుకునే కొలువులు హైదరాబాద్, బెంగళూరుల్లో ఎక్కువ, మన ఊళ్లో తక్కువ. కానీ నేర్చుకోవడానికి విశాఖ లాంటి చోటు అరుదు. పెదగంట్యాడ దగ్గర 270 ఎకరాల్లో మెడ్‌టెక్ జోన్ ఉంది, మీ గాజువాకకు పక్కనే. అక్కడ పరికరాలు తయారుచేసే కంపెనీలకు, పరికరం స్క్రీన్‌ను నర్సు ఎలా చదువుతుందో చెప్పగల ఇంటర్న్ పనికొస్తుంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇంటికి పంపాక కూడా చూసుకోవాల్సిన రోగులు ఎక్కువగా ఉండే చోటు అది. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కు శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచీ, ఒడిశా కోరాపుట్ నుంచీ వస్తారు. తెలుగు చదవడం రాని అటెండర్‌కు మీ అమ్మాయి బొమ్మ అర్థమవుతుందా లేదా అన్నది అక్కడే తేలుతుంది. మొదటి ఉద్యోగంగా ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంప్లిమెంటేషన్ పనినీ కాదనొద్దు. వార్డుల్లో సాఫ్ట్‌వేర్ పెట్టించి, నర్సులకు నేర్పే పని అది. డిజైన్ అని పేరు ఉండదు గానీ, ఏ స్క్రీన్ దగ్గర జనం చిరాకు పడతారో రోజూ కనిపిస్తుంది.

రెండు హద్దులు ముందే తెలియాలి. ఆసుపత్రిలో రోగుల్ని, వాళ్ల బంధువుల్ని ప్రశ్నలడిగి అధ్యయనం చేయాలంటే ఆ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి. పోస్టింగులో ఉన్నాం కదా అని కేస్ షీట్ ఫొటో తీయడం ఎప్పుడూ కూడదు. నమూనాల్లో కల్పిత పేర్లే వాడాలి. వ్యక్తిగత డేటాకు 2023లో చట్టం వచ్చింది, పిల్లల సమాచారమైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. రెండోది, 2020 ఏప్రిల్ నుంచి సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల నిర్వచనంలోకి వచ్చింది. ఇచ్చిన మందును నమోదు చేసుకునే చార్టు వేరు, డోసు తానే లెక్కగట్టి చెప్పే యాప్ వేరు. మొదటి ప్రాజెక్టుల్లో రెండోదాని జోలికి పోవద్దనండి.

పోర్ట్‌ఫోలియోకు మూడు ప్రాజెక్టులు చాలు, వాటిలో ఒకటి లోతుగా ఉండాలి. ఆ ఒక్కటీ మీ ఇంట్లోనే మొదలైంది. ఫ్రిజ్ మీదున్న చార్టును ఈ రోజే ఫొటో తీసి, తేదీ వేసి దాచమనండి. మార్చిన ప్రతిసారీ పాతది పారేయకుండా, ఏం మార్చిందో, ఎవరు ఎక్కడ పొరబడితే మార్చిందో కింద రెండు లైన్లు రాసి పెట్టుకోమనండి. మొదటి మార్పుగా ఆ రాత్రి 8 గంటల ఖాళీ గడిని సరిచేయమనండి.